తలుపు మూసి అడిగిన ప్రశ్న

కళ్ళజోళ్ళ దుకాణం,
బేరాల్లేని మధ్యాహ్నం.

వాగుడుకాయకి,

నీ ఉత్తరం అందింది. మొదటి రెండు పేజీలూ నీ హాస్టల్ గదిలో ఫ్యాను చేసే చప్పుడు గురించే రాశావు. చదువు సంగతి రాయవే తల్లీ అంటే మూడో పేజీలో నాలుగు ముక్కలు గిలికి పడేశావు. మనిషి పదిమంది మాటకి ఎందుకు తలొగ్గుతాడు అన్నదాని మీద పరిశోధనట. దీనికి అంత పెద్ద విశ్వవిద్యాలయం కావాలా? మనింట్లో ఓ పూట కూర్చుంటే చాలదూ? మొన్న ముందు గదికి రంగు వేయిద్దామనుకున్నాం. పిన్ని నీలం బాగుంటుందంది. మీ వదిన నీలమే అంది. మా బావమరిది బస్సు డ్యూటీకి వెళ్తూ గుమ్మంలోంచి తల పెట్టి, నీలమే బావా అన్నాడు. అప్పటికే ఆకుపచ్చ డబ్బా కొనుక్కొచ్చి సంచిలో దాచుకున్న నేను కూడా నీలమే అన్నాను. తాన అంటే తందాన. ఇదిగో, నీ పరిశోధన అయిపోయింది. పట్టా పుచ్చుకుని వచ్చెయ్.

ఇక నా సంగతి. కడుపులో నొప్పి వస్తోందని పోయినసారి రాశాను కదా, అది తగ్గలేదు. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పాకుతోంది. తిండి సయించడం లేదు. బెల్టుకి కొత్తగా కన్నం పొడవాల్సి వచ్చింది. ఇంట్లో చెప్తే పిన్ని గ్యాస్ అంది. అంతే, ఇక అందరి నోటా గ్యాసే. పక్క దుకాణంలో గడియారాలు బాగుచేసే ఆయన కూడా గ్యాసే అన్నాడు, ఆయనకేం తెలుసో మరి. నాకూ ఒక్కోసారి గ్యాసేనేమో అనిపిస్తుంది. నొప్పేమో నాది, పేరు పెట్టేది మాత్రం వాళ్ళు.

నువ్వు సరిగ్గా తిను. ఫ్యానుకి కాస్త నూనె వేయించుకో.

అన్నయ్య

*

విశ్వవిద్యాలయం, మా లాబు పక్క గది.

అన్నయ్యా,

నీలం సంగతి మా మేడంకి చెప్పాను. కడుపుబ్బ నవ్వి, మీ అన్నయ్యని ఇక్కడికి పంపమంది. వద్దులే, నువ్వొస్తే మా ప్రయోగాలన్నీ పాడుచేస్తావు.

మేం చేసేది ఇదీ. గదిలో వరసగా ఎనిమిదిమందిని కూర్చోబెడతాం. రెండు బెల్లులు మోగిస్తాం, ఒకదాని తర్వాత ఒకటి. ఏది ఎక్కువసేపు మోగిందో పైకి చెప్పమంటాం. తేడా ఎంతంటే పసిపిల్లకి కూడా తెలిసిపోతుంది. కానీ ఆ ఎనిమిదిమందిలో ఏడుగురు మావాళ్ళే. నాటకం. ముందే నేర్పి పెడతాం. వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తప్పు చెప్తారు. పాపం ఆ ఒక్క మనిషి చివర్న కూర్చుని తన వంతు వచ్చేసరికి చెమటలు కక్కుతూ, తనూ తప్పే చెప్తాడు. అందరూ చెప్పరు, చాలామంది చెప్తారు. నిన్న ఒక టైలరు వచ్చాడు. తన చెవులు పాడయ్యాయనుకుని చెవి డాక్టరు అడ్రసు అడిగాడు నన్ను. నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

ఇందులో మంచి సంగతి కూడా ఉంది. ఆ ఏడుగురిలో ఒక్కరిచేత నిజం చెప్పిస్తే చాలు, ఈ మనిషి మొహం విచ్చుకుంటుంది. ఇక ఎవరికీ జంకడు. ఒక్క తోడు చాలన్నయ్యా. ఇంకోటి, జవాబు పైకి చెప్పించకుండా ఒక్కణ్ణే వేరే గదిలో కూర్చోబెట్టి అడిగితే దాదాపు అందరూ నిజమే చెప్తారు.

అందుకని నీకు నేను తోడు. నీకు నొప్పి ఉందంటే ఉన్నట్టే. అది గ్యాస్ కాదు. పిన్ని డాక్టరు కాదు, గడియారాలాయన అసలే కాదు. పెద్దాసుపత్రికి వెళ్ళి పరీక్షలు చేయించుకో. మాట దాటేస్తే ఊరుకోను.

నీ వాగుడుకాయ

*

దుకాణం,
వానకి జనం లేరు.

వాగుడుకాయకి,

నువ్వు కనిపెట్టిన రెండో సంగతి నా దుకాణంలో ఎప్పట్నించో నడుస్తోంది. కళ్ళ పరీక్షకి ఎవరొచ్చినా వెంట వచ్చినవాళ్ళని బయట కూర్చోబెట్టి తలుపు మూస్తాను. లేకపోతే అమ్మ ఏ అక్షరం అంటే పిల్ల ఆ అక్షరమే అంటుంది. మొగుడు ఈ అద్దం బాగుందంటే పెళ్ళానికీ అదే బాగుంటుంది. తలుపు మూశాక అబద్ధం చెప్పినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. మీ మేడంకి ఇది కూడా చెప్పు.

నీ మాట విని ఆసుపత్రికి వెళ్ళాను. మీ వదినా, బావమరిదీ వెంట వచ్చారు. గొట్టాలు మింగించారు, సొరంగంలాంటి మిషన్లో పడుకోబెట్టారు. రిపోర్టులు వచ్చిన రోజు డాక్టరు నన్ను కాసేపు బయట కూర్చోమన్నాడు. చూశావా, నా పద్ధతే తిరగేసి నామీద వాడాడు. తలుపు తెరుచుకునేసరికి మీ వదిన నవ్వుతోంది. ఆవిడ పళ్ళు కనపడేలా నవ్వడం మా పెళ్ళిలో కూడా చూడలేదు. పేగులో పుండట, మందులు వాడితే మానిపోతుందట. బావమరిది అదే చెప్పాడు. ఇంటికి రాగానే, ఎవరూ చెప్పకముందే, పిన్ని కూడా పుండే అంది.

నాకు తెలియాల్సింది ఒక్కటే. తొందరపడాలా, అక్కర్లేదా? నాకేమన్నా అయితే మీ వదినకి ఈ దుకాణం తప్ప ఇంకో ఆధారం లేదు. పిల్లల్లేరు. బావమరిదికి సొంత సంసారమే బరువు. చూపు పరీక్ష చెయ్యడం, అద్దం అరగదీయడం, ఫ్రేములో బిగించడం, అన్నీ ఆవిడ చేతికి రావాలంటే ఏడాది పడుతుంది. పుండే అయితే తాపీగా నేర్పొచ్చు. కాకపోతే ఇవాళే మొదలుపెట్టాలి. రా, స్టూలు మీద కూర్చో, నేర్పుతాను అంటే, మీరుండగా నాకెందుకండీ అని వంటింట్లోకి పోతుంది.

నువ్వొక్కదానివే గ్యాస్ కాదన్నావు. ఇప్పుడేమంటావు?

అన్నయ్య

*

విశ్వవిద్యాలయం.

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. వదిన ఫోన్ చేసి అన్నీ చెప్పింది. పుండే. కంగారు పడాల్సింది ఏమీ లేదు. మందులు వేళకి వేసుకో, కారం తగ్గించు, ఎక్కువసేపు నిలబడకు. డాక్టరు చెప్పాక ఇక మనం ఆలోచించేదేముంది.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. మళ్ళీ తీరిగ్గా రాస్తాను.

చెల్లి

*

దుకాణం.

వాగుడుకాయకి,

సంతకం దగ్గర చెల్లి అని ఎప్పట్నించి? పదేళ్ళ నించీ నువ్వు నాకు ఉత్తరాలు రాస్తున్నావు, అర పేజీలో ముగించింది ఇదే మొదలు. ఫ్యాను ఊసు లేదు, హాస్టల్ వంటవాడి మీద తిట్లు లేవు. చేతిరాత నీదే. మాటలు మాత్రం మీ వదినవి.

నేనేం అనను. ఎవరి అవస్థ వాళ్ళది. కానీ ఒక్కసారి రా. రెండు రోజులు సెలవు పెట్టుకుని రా. ఉత్తరంలో ఏం రాసినా నేను నమ్మలేను, అలాగని నమ్మకుండానూ ఉండలేను. మనిషి ఎదురుగా ఉంటే వేరు.

అన్నయ్య

*

దుకాణం,
నువ్వు బస్సెక్కిన మర్నాడు.

నా బంగారుతల్లికి,

ఇవాళ ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను. పొద్దున్నే మీ వదిన చేసిపెట్టినవన్నీ తిన్నాను. తర్వాత కాస్త బయటికి వచ్చేసిందనుకో, అయినా తిన్నాను కదా.

నిన్న నిన్ను కష్టపెట్టాను, ఏమీ అనుకోకు. ఇంట్లో నలుగురి మధ్య నిన్ను అడగకూడదని ముందే అనుకున్నాను. అందుకే ఫ్రేములు చూపిస్తానని దుకాణానికి తీసుకొచ్చాను. పరీక్ష గదిలో కుర్చీలో కూర్చోబెట్టి తలుపు వేశాను. నీకు గుర్తుందో లేదో, అక్షరాల బోర్డు దీపం కూడా ఆర్పేశాను, నీకు ఇబ్బందిగా ఉంటుందని. ఇక్కడ మీ వదిన లేదు, పిన్ని లేదు, ఎవరికీ చెప్పను, నేను పోతానా చెప్పు అన్నాను. నువ్వు నా చెయ్యి పట్టుకుని, లేదన్నయ్యా, పుండే, నయమైపోతుంది అన్నావు. గొంతు కూడా వణకలేదు.

ఇంకేం కావాలి? ఇన్నేళ్ళలో ఆ తలుపు వెనక ఎవరూ నాకు అబద్ధం చెప్పలేదు. నువ్వా చెప్పేది! మీరందరూ నిజమే చెప్తున్నారు, నేనే ఉత్తపుణ్యానికి అందరినీ అనుమానించాను. రాత్రి పిన్నిని క్షమించమని అడిగితే ఆవిడ ఏడ్చేసింది. ముసలావిడ, ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది.

మీ వదినని స్టూలు మీద కూర్చోమని వేధించడం మానేశాను. ఏడాది తర్వాత చూద్దాంలే అన్నాను. ఆసుపత్రిలో ఇచ్చిన నొప్పి మందు వేసుకుంటే మగత కమ్మేసి పవర్ సరిగ్గా చూడలేకపోతున్నాను, దాన్నీ ఆపేశాను. పుండుకి అంత మందెందుకు?

బడిపిల్లల కళ్ళజోళ్ళ పని ఒకటి వచ్చింది. చాలా పెద్దది. ఒప్పుకున్నాను.

అన్నయ్య

*

దుకాణం.

వాగుడుకాయకి,

నెల దాటింది, నీ దగ్గర్నించి ఉత్తరం లేదు. పరీక్షలా?

నొప్పి మళ్ళీ తిరగబెట్టింది. కానీ ఇప్పుడు నాకు భయం లేదు. మనసు ఎటు పోతే నొప్పీ అటే పోతుందని అర్థమైంది. వచ్చినప్పుడు, ఇది లేదు, ఇది లేదు అనుకుంటూ కూర్చుంటున్నాను. నిన్న ఓ బడిపిల్ల ముందు కుర్చీలోంచి లేవలేకపోయాను. ఆ పిల్ల నీళ్ళు తెచ్చిచ్చింది. ఎంత సిగ్గేసిందో. లేని నొప్పికి ఇంత హడావిడి చేస్తున్నానని.

మీ వదిన నన్నెప్పుడూ చాటునించి చూస్తోంది. నేను చూడగానే నవ్వుతోంది.

ఒక్క ముక్క రాయి.

అన్నయ్య

*

హాస్టల్ గది.

అన్నయ్యా,

ఇది నువ్వొక్కడివే చదువుకో. దుకాణంలో కూర్చుని చదువు.

అది పుండు కాదు. క్యాన్సరు. కాలేయం దాకా పాకింది. ఆపరేషన్ చేసినా లాభం లేదని డాక్టరు ఆ రోజే వదినకీ, వాళ్ళ తమ్ముడు బావకీ చెప్పాడు. ఆరు నెలలు, మహా అయితే ఇంకొంచెం అన్నాడట. అందులో చాలాభాగం అయిపోయింది. నీ నొప్పి ఉంది. అది నిజమే. మొదట్నించీ నిజమే. ఆ మందు ఇవాళే మళ్ళీ మొదలుపెట్టు, నీకు దణ్ణం పెడతాను.

వదిన ఫోన్‌లో ఏడుస్తూ చెప్పింది. తెలిస్తే మనిషి వారం కూడా ఉండడు, ధైర్యం చచ్చిపోతుంది అని బావ అన్నాడు. పిన్ని ఫోన్ లాక్కుని నా మీద ఒట్టేయించింది. నేను కాదనలేదు. మర్నాడు లాబుకి వెళ్ళి, ఒక్క తోడు ఉంటే మనిషి ఎలా నిలబడతాడో అందరికీ చక్కగా పాఠం చెప్పాను.

నువ్వు తలుపు వేసినప్పుడు నాకు చెప్పాలనే ఉంది. నోటిదాకా వచ్చింది. గదిలో ఎవరూ లేరు, నువ్వూ నేనూ తప్ప. అయినా అందరూ ఉన్నారన్నయ్యా. వదిన ఉంది, పిన్ని ఉంది, బావ ఉన్నాడు. వాళ్ళంతా నాకంటే ముందు జవాబు చెప్పేసి నా వంతు కోసం చూస్తున్నట్టే అనిపించింది. నేను నీకు అబద్ధం చెప్పాననుకోలేదు అప్పుడు. నిన్ను కాపాడాననుకున్నాను.

మా లాబులో ఒక నియమం ఉంది. ప్రయోగం అయ్యాక ఆ మనిషిని కూర్చోబెట్టి, ఇదంతా నాటకం, మీ చెవులు బాగానే ఉన్నాయి, మీరు విన్నదే నిజం అని చెప్పకుండా గది దాటనివ్వం. ముక్కూమొహం తెలియని టైలరుకి అరగంట కూర్చుని చెప్పాను. నిన్ను మాత్రం ఆ కుర్చీలోనే వదిలేసి వచ్చాను. నొప్పి లేదు అనుకుంటూ కూర్చుంటున్నానని రాశావు చూడు, అది చదివాక ఇక నావల్ల కాలేదు.

క్షమించమని అడగను. వదినకి పని నేర్పు. ఎంత వస్తే అంత.

నీ వాగుడుకాయ

*

దుకాణం.

వాగుడుకాయకి,

కోపం వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. నీ ఉత్తరం చదివి షట్టరు సగం దించుకుని కూర్చున్నాను. మొదట నీ మీద, తర్వాత డాక్టరు మీద, తర్వాత ఆ మూసిన తలుపు మీద కోపం వచ్చింది. దాన్ని అంతగా నమ్మాను మరి. బయటివాళ్ళకైతే అది సరిపోయింది. నీకూ నాకూ మధ్య తలుపు మూస్తే ఏమవుతుందో నేను ఆలోచించలేదు. నువ్వు రావడానికి ముందు నాకు సగం తెలుసు. నువ్వు వెళ్ళాక ఆ సగం కూడా పోయింది. అది రాయకుండా ఉండలేకపోతున్నాను, రాశాను. ఇక ఆ ఊసు ఎత్తను.

భయం కూడా వేసింది. చచ్చేంత భయం వేసింది. గడియారాలాయన తొంగిచూసి ఏమైందన్నాడు. గ్యాస్ అన్నాను.

ఆ మందు మళ్ళీ వేసుకుంటున్నాను. బడిపిల్లల పని వేరేవాళ్ళకి అప్పగించేశాను.

మీ వదినతో ఆ సాయంత్రమే చెప్పాను. నాకు తెలిసిపోయింది, ఇక నువ్వు నవ్వక్కర్లేదు అన్నాను. ఆ తర్వాత ఏడ్చింది చూడు, ఇన్ని నెలలు ఎక్కడ దాచుకుందో. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం ఊరుకోబెట్టుకోలేదు. పొద్దున లేచేసరికి నాకంటే ముందు తయారై, దుకాణానికి నేనూ వస్తానంది. స్టూలు మీద కూర్చుంది.

చెయ్యి మంచిదే. దగ్గరి చూపుకి పవర్ చూడటం వచ్చేసింది. అద్దం అంచు అరగదీసేటప్పుడు భయపడుతుంది, నాలుగు పగలగొట్టింది. పగలగొట్టనీ. కష్టమైంది ఒకటి ఉంది. కొందరి కంటికి గీతలు ఒక పక్కకి వాలి కనిపిస్తాయి, వాళ్ళ అద్దాన్ని సరైన వాలులో తిప్పి బిగించాలి. అది నేర్పడానికి నెలలు కావాలి. నేను ఇప్పుడు పూటకి గంట కంటే ఎక్కువ కూర్చోలేకపోతున్నాను.

పిన్నికీ, బావమరిదికీ నాకు తెలిసినట్టు చెప్పలేదు. వాళ్ళు పుండే అంటున్నారు, అననీ. అందరికీ ఒక్కసారే ఎందుకు.

ఒక సంగతి, ఇది మనసులో పెట్టుకో. ఆలస్యంగా చెప్పావు, కానీ చెప్పింది నువ్వొక్కదానివే.

అన్నయ్య

*

దుకాణం.

అమ్మాయికి,

నువ్వు వచ్చి వెళ్ళాక ఉత్తరం రాయడం ఇదే మొదలు. మీ అన్నయ్యలా నాకు రాయడం రాదు, తప్పులుంటే సర్దుకో.

కర్మలు అయ్యాక చుట్టాలంతా వెళ్ళిపోయారు. పిన్నత్తయ్య నీలం గదిలోంచి బయటికి రావడం లేదు. చివరి రోజు కూడా ఆవిడ, పుండు మానిపోతోంది నాయనా అంటూ ఆయన తల నిమిరింది. ఆయన అవును పిన్నీ అన్నారు.

నీ మీద నాకు కోపం ఉందని నువ్వు అనుకుంటున్నావట, మా తమ్ముడు చెప్పాడు. ఒట్టు పెట్టించింది మేం. నిన్నంటే మమ్మల్ని మేం అనుకోవాలి. ఆ నెలలన్నీ అందరం కలిసే పాడుచేశాం.

నీకు చెప్పాల్సింది ఒకటుంది. మీ అన్నయ్య తన జబ్బేమిటని అందరినీ అడిగారు. పిన్నత్తయ్యని అడిగారు, తమ్ముణ్ణి అడిగారు, ఆసుపత్రిలో తలుపు దగ్గర కూర్చునే మనిషిని కూడా అడిగారు. నిన్ను అంత దూరం నించి పిలిపించి మరీ అడిగారు. నన్ను మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. ఒకే గదిలో ఉన్నాం, ఒకే కంచం పక్కన కూర్చున్నాం, అడగలేదు. నన్ను నమ్మలేదేమో అని లోపల్లోపల కుమిలిపోయాను. ఆఖరి వారంలో ఉండబట్టలేక అడిగేశాను, నన్నెందుకు అడగలేదండీ అని.

“నిన్నడిగితే నువ్వు అబద్ధం చెప్పాలి,” అన్నారు. “నీకు అబద్ధం చెప్పడం రాదు. వాళ్ళేమో నిన్ను నిజం చెప్పనివ్వరు. నేను కూడా అడిగితే నువ్వెక్కడికి పోతావు?”



దుకాణం తెరుస్తున్నాను. దగ్గరి చూపువాళ్ళు వస్తే ఫరవాలేదు, చేసి ఇస్తున్నాను. నిన్న ఒకాయన వచ్చాడు. బోర్డు మీద గీతలు వాలిపోయి కనిపిస్తున్నాయన్నాడు. ఎన్ని అద్దాలు తిప్పి చూసినా నావల్ల కాలేదు. ఆ పాఠం దాకా మేం రాలేదు. నాకు రాదండీ అని చెప్పి పెద్ద బజారుకి పంపేశాను. తర్వాత షట్టరు దించుకుని కాసేపు కూర్చున్నాను.

సెలవులకి రా. మొహం చెల్లక రాకుండా ఉంటావేమోనని రాస్తున్నాను. నీ గది నీకలాగే ఉంది. ఈసారి నిన్నెవరూ ఏమీ అడగరు.

వదిన